గొలుసు ప్రార్థనలో మిగిలిన గంటలు

ఆ శుక్రవారం ఉదయం డాలీగంజ్‌లో మా ఇంటి ముందుగదిలో ముగ్గురం ఉన్నాం: అమ్మ, నేను, అక్క కూతురు. ఉన్న వస్తువులు: ఒక చాప, మోకాళ్ల కింద వేసుకోవడానికి మడతపెట్టిన దుప్పటి, చనిపోయిన మా నాన్న చదువుకున్న తెలుగు బైబిలు, అమ్మ బటన్ల ఫోను, నా ఫోను, గోడ గడియారం, పాప బొమ్మలు గీసుకుంటున్న పలక, మూతపెట్టిన గ్లాసులో మంచినీళ్లు. అక్క చెన్నైలో ఒక ఆసుపత్రిలో ఆపరేషను బల్ల మీద ఉంది. బావ ఆ గది బయట ఉన్నాడు.

చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి అక్క గుండెలో ఒక వాల్వు దెబ్బతింది. అది చాలాకాలం బయటపడలేదు. చౌల్దారీలో బడి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, బస్సులో వస్తూ పోతూ ఉండేది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని పరీక్ష చేయిస్తే, మా దీవిలోని డాక్టర్లు చూసి చెన్నైకి పంపారు. అక్కడ వాల్వు మార్చాలన్నారు.

వాల్వు అంటే నాకు తెలుసు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి పవర్‌హౌసులో పనిచేస్తున్నాను. డీజిల్ ఇంజన్ల వాల్వులు విప్పి శుభ్రం చేసి బిగించడం ఎన్నోసార్లు చూశాను. అక్కకు జరగబోయేదాన్ని అమ్మకు కాగితం మీద గీసి చూపించాను. అమ్మ శ్రద్ధగా చూసి, అయితే ఇంజను ఆపాలన్నమాట, అంది. ఆపి మళ్లీ నడిపిస్తారు, అన్నాను. ఆ మళ్లీ నడిపించడం కోసమే గొలుసు ప్రార్థన పెట్టిద్దామంది.

మా సంఘం చిన్నది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో ఈ దీవులకు వచ్చినవాళ్ల పిల్లలం, ఆ పిల్లల పిల్లలం. ఎవరికైనా పెద్ద కష్టం వస్తే ఇళ్లన్నీ ఒక రోజును పంచుకుంటాయి. ఇంటికొక గంట. ఒక ఇంటివాళ్లు తమ గంట ముగించి తరువాతి ఇంటికి ఫోను చేస్తారు. అలా ఆ రోజంతా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మోకాళ్ల మీద ఉంటారు. ఎవరికి ఏ గంటో పంచే పని నాకు అప్పజెప్పారు. షిఫ్టులు వెయ్యడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పవర్‌హౌసులో ఒక మిషను ఆపే ముందు రెండోది లోడు అందుకోవాలి, ఇక్కడా అంతే. శుక్రవారం ఉదయం ఆరు నుంచి శనివారం ఉదయం ఆరు వరకు ఇరవై నాలుగు ఇళ్లు కుదిరాయి. మాది అయిదోది, పది నుంచి పదకొండు. చివరి గంట పాస్టరుగారిది.

అందులో అమ్మ పెట్టిన నియమం ఒకటుంది. అంతకుముందు జరిగిన ఒక గొలుసులో, గంట అప్పజెప్పే ఫోన్లలోనే చేపల ధర, ఓడ టికెట్లు, ఎవరింటికి ఎవరొచ్చారన్నవి మాట్లాడుకుని సగం సగం గంటలు పోగొట్టారు. "మాది అయింది, మీరు మొదలెట్టండి. బస్, అంతే. ఇంకో మాట మాట్లాడితే ఆ గంట చెల్లదు" అని ఈసారి అమ్మ అందరికీ ముందే చెప్పింది. అందరూ నవ్వి ఒప్పుకున్నారు.

ప్రార్థన చేసేటప్పుడు అమ్మ గొంతు పెద్దది, మాటలు చిన్నవి. బల్ల మీది మనిషి తనకు కనబడుతున్నట్టే అడుగుతుంది. నేను అలా చెయ్యలేను. అంశాలు వరసగా చెప్పి ఆమేన్ అంటాను. "నువ్వు ప్రార్థన చేస్తే స్టోరుకి సామాన్ల ఇండెంటు పెట్టినట్టుంటాది" అని అమ్మ ఎన్నోసార్లు వెక్కిరించింది. అప్పుడల్లా అక్క నా పక్షం వచ్చేది: "పోన్లే, ఏదీ మర్చిపోడు కదా." నాకు తెలుగు చదవడం నేర్పింది అక్కే. నేను చదివింది హిందీ మీడియం. నాన్న బైబిలులో కీర్తనల మీద వేలు పెట్టించి, నవ్వుతూ, మొట్టికాయలు వేస్తూ నేర్పింది.

అమ్మ గంట సగం కూడా కాకముందే నా ఫోను అదిరింది. బావ. అమ్మకు వినబడకుండా వరండాలోకి వెళ్లాను.

"అయిపోయిందిరా" అన్నాడు. "గుండె మళ్లీ అందుకోలేదంట."

నేను ఏం అడిగానో గుర్తులేదు. ఎవరో సంతకానికి పిలుస్తున్నారని చెప్పి అతను పెట్టేశాడు.

లోపలికి వచ్చాను. అమ్మ కళ్లు మూసుకునే ఉంది. కొంగు తల మీదుగా జారి భుజం మీద పడి ఉంది. "దానికి చలంటే పడదు తండ్రీ. ఆ గది చల్లగా ఉంటాదంట. కప్పి ఉంచు" అంటోంది. పాప పలక మీద ఓడ గీస్తోంది.

మా పవర్‌హౌసులో ప్రతి మిషను పక్కనా ఒక ఎర్ర బటను ఉంటుంది, ప్రమాదం వస్తే నొక్కడానికి. ప్రార్థనలో ఉన్న మనిషిని ఆపడానికి ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. వెళ్లి అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. డాక్టరు చేతులు వణకకూడదని అడిగింది. రక్తం సరిపోవాలని అడిగింది. కళ్లు తెరవగానే దాని మొగుడు కనబడాలని అడిగింది. ఆమె అడిగే ప్రతిదానికీ జవాబు నా దగ్గర ఉంది. ఒకసారి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. నేనూ ప్రార్థనలో కలిశాననుకుని, కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని ఇంకా గట్టిగా అడిగింది.

పదకొండుకు ఆమేన్ అంది. కళ్లు తుడుచుకోకుండానే ఫోను తీసింది. నేను నోరు తెరిచేలోపే నొక్కడం అయిపోయింది.

"మాది అయింది వదినా. మీరు మొదలెట్టండి."

ఫోను పెట్టి నా వైపు తిరిగింది. మొహం చూసింది. బావ ఫోను చేశాడని చెప్పాను. ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్కటే అడిగింది, ఎప్పుడని. ఇందాకే, నువ్వు ప్రార్థనలో ఉండగానే అన్నాను. "అయితే నేను అడుగుతుండగానే" అంది. ఏడుస్తున్న గొంతు కాదది. లెక్క సరిచూసుకునే మనిషి గొంతు.

పాస్టరుగారికి నేనే ఫోను చేశాను. ఆయన మోటారు సైకిలు మీద వెంటనే వచ్చారు. అప్పటికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది; పాపను పక్కింటి దీదీ తీసుకువెళ్లింది. ఆయన అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నారు. చాప మీద ఉన్న నాన్న బైబిలును మూసి పక్కన పెట్టారు. అది నాకు నచ్చింది. తరువాత నన్ను చూసి, మిగతా ఇళ్లకు ఫోన్లు చేసి ఆపెయ్యమని చెప్పు బాబూ, ఎవరికి ఏ గంటో నీకు తెలుసు కదా, అన్నారు. నేను ఫోను తీశాను.

"ఆపొద్దు" అంది అమ్మ.

ఆయన అర్థం కానట్టు చూశారు. మెల్లగా అన్నారు: "అమ్మా, పోయినవాళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం కదా. మన అమ్మాయి ప్రభువు దగ్గరికి చేరిపోయింది. ఇంకా బాగుచెయ్యమని అడిగించడం న్యాయం కాదు."

"దాని కోసం కాదు అయ్యగారూ. నా కోసం. నాకు నోరు రావట్లేదు. ఇందాకటి దాకా వచ్చింది, ఇప్పుడు రావట్లేదు. ఇంక వస్తాదో రాదో తెలీదు. బతికించమని అడిగే నోళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. ఉండనీండి."

ఆయన తల వంచుకున్నారు. ఆయన మనసులో ఏం జరుగుతోందో నాకు కొంతవరకు తెలుసు. బోల్టు ఊడిపోయిందని తెలిసీ మిషనును తిప్పనిచ్చేవాడు ఇంజనీరు కాడు. జవాబు వచ్చేసిందని తెలిసీ మనుషుల చేత అడిగించేవాడు పాస్టరా? చివరికి, "నేనై ఎవరికీ ఫోను చెయ్యను. అడిగినవాళ్లకు అబద్ధం చెప్పను" అన్నారు. అమ్మ తల ఊపింది.

గొలుసు నడిచింది. మధ్యాహ్నానికి మా వీధంతా తెలిసింది. సాయంత్రానికి సంఘంలో సగం మందికి తెలిసింది. తెలిసినవాళ్లలో కొందరు తమ గంట సంగతి ఏం చెయ్యాలని పాస్టరుగారిని అడిగారట. మీకు ఏం తోస్తే అది అడగండి, గంట మాత్రం ఖాళీగా పోనియ్యకండి, అన్నారట. తెలియనివాళ్లకు తెలిసినవాళ్లు ఫోను చేసినప్పుడు కూడా అమ్మ నియమమే నడిచింది. మాది అయింది, మీరు మొదలెట్టండి. ఇంకో మాట మాట్లాడలేదు. ఆ ఫోన్లు చేస్తూ కొందరు ఎలా ఊపిరి బిగబట్టి ఉంటారో తరువాత ఊహించుకున్నాను. శనివారం ఉదయం ఆరింటికి పాస్టరుగారు ముగించారు.

అక్కను విమానంలో తెచ్చారు. ఆదివారం సాయంత్రం పాతిపెట్టాం. వాన పడింది, గోతిలోకి నీళ్లు దిగకుండా టార్పాలిన్ పట్టుకున్న నలుగురిలో నేనొకణ్ణి. అమ్మ ఏడ్చింది, అందరిలాగే. కానీ పాటలు పాడలేదు. ప్రార్థన చివర ఆమేన్ అనలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది.

ఆ తరువాత అమ్మ ప్రార్థన మానేసింది. ఆదివారం గుడికి వచ్చేది, కొంగు తల మీద కప్పుకునేది, అందరితో పాటు మోకరించేది. పెదవులు కదిలేవి కావు. ఇంట్లో సాయంత్రపు కుటుంబ ప్రార్థన నా మీద పడింది. పాప మా దగ్గరే ఉండిపోయింది. బావ వారం వారం చౌల్దారీ నుంచి వచ్చి చూసి వెళ్తాడు. నేను అంశాలు వరసగా చెప్పేవాణ్ణి. అమ్మ వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బాగుండేదనిపించేది.

పాప భోజనానికి ముందు ఒక చిన్న ప్రార్థన చేస్తుంది. అది అక్క నేర్పింది. అక్క చెన్నై వెళ్లేటప్పుడు అమ్మ దానికి ఒక వాక్యం కలిపింది: అమ్మకు బాగవ్వాలి. వాళ్లమ్మ ఇక లేదని పాపకు చెప్పాం. సమాధి చూపించాం. అయినా ఆ వాక్యం పోలేదు. కంఠతా వచ్చినదాంట్లోంచి ఒక ముక్క తియ్యడం పెద్దవాళ్లకే కష్టం. మొదటిసారి అది మళ్లీ ఆ మాట అన్నప్పుడు అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. దిద్దుతుందేమో అనుకున్నాను. దిద్దలేదు. "తిను" అంది.

వారం పది రోజులు పోయాక హోప్ టౌన్ నుంచి ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చింది. నాన్నకు మేనత్త వరస, మేమంతా మామ్మ అంటాం. అక్క చిన్నప్పుడు సెలవులన్నీ ఆవిడ దగ్గరే గడిపింది. మోకాళ్ల నొప్పుల వల్ల పాతిపెట్టడానికి రాలేకపోయింది. ఫెర్రీ ఎక్కించమని, దించమని ఎవరెవరినో బతిమాలి వచ్చింది. గొలుసులో ఆవిడది మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. ఆ గంటలో తనకేమీ తెలియదు. మర్నాడు తెలిసింది.

అమ్మను పట్టుకుని ఏడవడం అయ్యాక, కళ్లజోడు తుడుచుకుంటూ నిలదీసింది.

"నేనడుగుతుంటే అది లేదన్నమాట."

"లేదత్తా."

"ఆపొద్దన్నావంట."

"అన్నాను."

"మంచి పనే చేసావు" అంది మామ్మ. అది మెప్పో దెప్పో మాకు తెలియలేదు. టీ తాగింది. బిస్కెట్టు ముంచుకుని తింది.

అప్పుడు అమ్మ, అలవాటుగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది: "ఏమని అడిగావత్తా?"

మామ్మ కాస్త సిగ్గుపడింది. బాగుచెయ్యమని అడగడం పావుగంటలో అయిపోయిందట. ఇంకా ముప్పావుగంట మిగిలింది. మోకాళ్లు వంగవు కాబట్టి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుందట. "గంటంటే తక్కువేటి? దేవుడికి అంతసేపు ఏటి చెప్పమంటావు? దాని చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటా కూర్చున్నాను. ఇదిగో, ఇలాటి పిల్ల ఇది, నీకు తెలీదేమో అని."

"ఏ సంగతులు?"

మామ్మ చెప్పింది. వాటిలో ఒకటి ఇది. ఎనిమిదేళ్లప్పుడు అక్క ఫెర్రీలో వాంతి చేసుకుని కొత్త గౌను పాడుచేసుకుంది. ఇంటికి వెళ్తే అమ్మ తిడుతుందని జెట్టీ మెట్ల మీద సముద్రపు నీళ్లలో ఆ గౌను ఉతికి, ఒట్టి లంగాతో నిలబడి, అది ఆరేదాకా కదలనంది. మామ్మ పక్కన నిలబడి కొంగు అడ్డం పెట్టింది. ఆవిడ చేత అక్క ఒట్టు వేయించుకుంది, అమ్మకు చెప్పకూడదని. "ఇన్నాళ్లూ చెప్పలేదు. ఆ రోజు దేవుడికే మొదటిసారి చెప్పాను."

అమ్మ కదలకుండా వింది. "అందుకేనా ఆ గౌను ఉప్పు చారలు కట్టింది" అంది. "పచ్చది. ఎన్ని నీళ్లు పోసినా పోలేదు. షాపోడు మోసం చేసాడని వాణ్ణి తిట్టాను." నవ్వింది. చెన్నై నుంచి ఫోను వచ్చాక అమ్మ నవ్వడం నేను చూడడం అదే మొదలు. నవ్వు మధ్యలోనే ఏడుపుకు తిరిగింది, కానీ ముందు నవ్వే వచ్చింది. మళ్లీ చెప్పమంది. మామ్మ మళ్లీ చెప్పింది. ఫెర్రీ వేళ దాటిపోయింది. మామ్మ ఆ పూట మా ఇంట్లోనే ఉంది.

మరుసటి వారం అమ్మ నన్ను బండి తియ్యమంది. ఎక్కడికంటే, తన తరువాత గంట ఎవరిదని అడిగింది. పదకొండు గంటల వదిన ఇంటికి వెళ్లాం. ఆవిడ కంగారుపడింది, ఏదో తప్పు పట్టడానికి వచ్చామేమోనని. అమ్మ టీ వద్దని, కూర్చుని, ఆ రోజు ఏమని ప్రార్థించావో చెప్పు వదినా, అంది. ఆవిడకు సగమే గుర్తుంది. సగమైనా చాలంది అమ్మ.

అప్పటినుంచి అదే పని. వరసగా ఒక్కొక్క ఇల్లు. వారానికి ఒకటి మించి వెళ్లదు. కొన్ని వారాలు అసలే వెళ్లదు. బండి మీద తీసుకెళ్లేది నేను కాబట్టి అన్నిటికీ నేనూ ఉన్నాను.

ఒక ఇంట్లో భార్యాభర్తలు తల వంచుకుని చెప్పారు, తమ గంటలో తాము ప్రార్థన చెయ్యలేదని. సంగతి తెలిసి మా ఇంటికి పరిగెత్తుకొచ్చారట. ఆ గంట వచ్చినవాళ్లకు టీ కాచి పొయ్యడంలో గడిచిందట. అది కూడా గంటే, అంది అమ్మ. ఇంకొక ఇంట్లో ముసలాయన నిద్రపోయానని ఒప్పుకున్నాడు. అమ్మ ఆయన్ని ఏమీ అనలేదు, కానీ వచ్చేటప్పుడు దారంతా విసుక్కుంది.

చౌల్దారీలో ఆటో నడిపే కుర్రాడొకడు ఉన్నాడు, బడిలో అక్క దగ్గర చదువుకున్నవాడు. తల్లీ అతనూ ఉండే ఇల్లది. తల్లికి ఒంట్లో బాగోక గంట అతనే తీసుకున్నాడు. అక్క పోయిందని మధ్యాహ్నమే అతనికి తెలుసు. అమ్మ అడిగేసరికి చెవులు ఎర్రబడ్డాయి. ముందు కొంచెం హిందీలో, కొంచెం తెలుగులో తడబడ్డాడు.

"ప్రభువుతో ఏం మాట్లాడాలో సమఝ్ కాలేదు ఆంటీ. గుస్సా వచ్చింది. అందుకే దీదీతోనే మాట్లాడాను. డర్నా మత్ దీదీ, భయపడొద్దు దీదీ అని. గంటంతా అదే. అలా అనొచ్చా లేదా తెలీదు."

అమ్మ అతని తల మీద చెయ్యి పెట్టింది. నేను అనుకున్నాను, ఇప్పుడు ప్రార్థన చేస్తుందని. చేతిని అలాగే ఉంచింది, కళ్లు తెరిచే ఉన్నాయి. కాసేపటికి తీసేసింది. వచ్చే దారిలో వాన పట్టుకుంటే బస్ షెల్టరులో ఆగాం. "నీకు భయం వేసిందా ఆ రోజు, నేను అడుగుతుంటే పక్కన కూర్చుని?" అని అడిగింది. వేసిందన్నాను. "ఆ అరగంట నాకు ఉండనిచ్చావు" అంది. వాన తగ్గాక బయలుదేరాం.

ప్రార్థన గురించి నాకు నేర్పినది సరళమైనది. మనం అడుగుతాం. ఆయన వింటాడు. ఇస్తాడు, లేదా ఇవ్వడు, లేదా ఆగమంటాడు. మా ఆఫీసులో ఫిర్యాదు నమోదైతే ఏదో ఒక తేదీన మూసేస్తారు, అలాంటిదే అనుకునేవాణ్ణి. అక్క విషయంలో ఫిర్యాదు ముందే మూసేశారు, ఇరవై నాలుగు ఇళ్లలో చాలా వరకు ఆ తరువాత మోకరించాయి. ఆ మాటలన్నీ వృథా అని లెక్క తేల్చడం తేలిక. కానీ అమ్మ వాటిని ఇల్లిల్లూ తిరిగి ఏరుకుంటోంది. ఇది ప్రార్థనేనా అని పాస్టరుగారిని అడిగాను. నాకూ తెలియదు బాబూ, తీసుకెళ్తూ ఉండు, అన్నారు. తన గంటలో ఏమన్నారో ఆయన నాతో చెప్పలేదు. అమ్మ తన వంతు వచ్చినప్పుడు అడుగుతుంది.

అమ్మకు ప్రార్థనకు నోరు ఇంకా రాలేదు. కుటుంబ ప్రార్థన నేనే చేస్తున్నాను. పాప ఆ వాక్యాన్ని ఒకరోజు అంటుంది, ఒకరోజు మరిచిపోతుంది. నిన్న అమ్మ చీర మార్చుకుని వచ్చి, తరువాతి ఇల్లు ఏదని అడిగింది. చెప్పాను. ఈ వారం వద్దులే, అంది. తొందరపడితే అయిపోతాయి, అంది. అయిపోయాక ఏం చేస్తుందో నేను అడగలేదు.

మా తరువాతి ఇళ్లు పంతొమ్మిది. ఇప్పటికి పదకొండు అయ్యాయి.